నలభై ఒకటో దిమ్మ

పోయినవారం చదవనివాళ్ల కోసం నాలుగు మాటలు. చదివినవాళ్లు ఇది దాటేసి కిందికి పోయినా నేనేమీ అనుకోను.

నల్గొండ పెద్ద దవాఖానలో లతీఫ్ సాబ్ ల్యాబ్ టెక్నీషియన్. ఆపరేషన్లో తీసిన కండముక్కను మందునీళ్లలో నానబెట్టి, మైనంలో పొదిగి, ఆ మైనపు దిమ్మను యంత్రం కత్తి మీద ఉల్లిపొరకన్నా పలచగా కోసి గాజుపలక మీద పరచడం ఆయన పని. రిపోర్టు అయిపోయాక దిమ్మలు పారేయమని పైవాళ్లు ఎన్నిసార్లు చెప్పినా ఆయన పారేయలేదు. పెద్దపేగు క్యాన్సర్‌వి అరవై దిమ్మలు బిస్కెట్ డబ్బాల్లో పెట్టి పన్నెండేండ్లుగా కాపాడుకుంటూ వచ్చాడు. ఆ అరవైమందీ ఎట్లా ఉన్నారో రిజిస్టరు కూడా రాసుకున్నాడు. హైదరాబాదు నుంచి డాక్టర్ ప్రమీల నల్గొండ బస్సెక్కింది వాటి కోసమే. కణంలో ఒక జన్యువు చెడిపోతే అది తయారుచేసే ప్రొటీను కణం నడుమ కుప్పపడుతుందట. కొత్తగా వచ్చిన రంగు పట్టించి చూస్తే అది గోధుమరంగులో కనబడుతుందట, లేకుంటే కణాలు నీలంగానే ఉంటాయట. అట్లా కనబడ్డవాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువని కొన్ని దేశాల డాక్టర్లు, అదేం లేదని మరికొందరు పత్రికల్లో వాదించుకుంటున్నారు. మన మనుషుల సంగతేమిటో తేల్చాలని ఆమె పంతం.

ఇక అసలు ముడి. నలభై ఒకటో దిమ్మ ఎప్పుడో మే నెల ఎండకు కరిగి పాడైంది; రిజిస్టరులో ఆ పేరు కూడా కొట్టేసి ఉంది. లతీఫ్ సాబ్ ఆ ఖాళీలో ఎవరికీ చెప్పకుండా ఇంకో దిమ్మ పెట్టాడు. అది ఆయన భార్య షరీఫాది. ఆమెకు ఇదే జబ్బుకు రెండేండ్ల కింద ఆపరేషన్ అయింది. ఆ సంగతి డాక్టరమ్మకు తెలియదు, షరీఫాకూ తెలియదు.

*

బుధవారం పొద్దున పదకొండు గంటలకు డాక్టర్ ప్రమీల కళ్లజోడు తీసి, కళ్లు నులుముకుని, "అయిపోయినయి లతీఫ్ సాబ్. అరవై చూసిన," అంది.

పదిరోజుల పని అది. రంగుమందు సీసాను మంచుగడ్డల ఫ్లాస్కులో పెట్టుకుని ఆమె హైదరాబాదు నుంచి ఒళ్లో మోసుకొచ్చింది. గాజుపలకలను రంగుకు ముందు ప్రెషర్ కుక్కర్లో ఉడికించాలంటే, దవాఖానలో కుక్కరెక్కడిది? లతీఫ్ సాబ్ ఇంటికి పోయి, షరీఫా పొయ్యి మీది కుక్కరు దించి, సంచిలో పెట్టుకొచ్చాడు. "జర పనున్నది," అన్నాడు ఇంట్లో. ఏం పనో చెప్పలేదు.

ఇద్దరి మధ్యా మొదటిరోజే ఒక ఒప్పందం అయింది. ఆ ఒప్పందం పెట్టింది డాక్టరు కాదు, టెక్నీషియను. "రిజిస్టర్ నా దగ్గర్నే ఉంటదమ్మా. నీకు నెంబర్లే ఇస్త. అన్ని చూసి రాసినంకనే పేర్లు చెప్త. పేరు తెలిస్తే కన్ను మొహమాటపడ్తది," అన్నాడు. ప్రమీల పెద్ద పెద్ద చదువులు చదివిన మనిషి. ఈ మాట ఆమె ఇంగ్లీషు పుస్తకాల్లో ఇరవై పేజీల్లో చదివింది. ఈయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ రోజు నుంచే ఆమె ఆయన్ను "లతీఫ్ సాబ్" అని పిలవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆమె కాగితం ఆమె తీసింది. ఆయన రిజిస్టరు ఆయన తీశాడు. ఎదురెదురు స్టూళ్ల మీద కూర్చున్నారు.

"మూడో నెంబరు. రంగు లేదు. నీలమే."

లతీఫ్ సాబ్ వేలు పేజీ మీద జరిగింది. "కాటమయ్య, తిరుమలగిరి. బతికున్నడు. పోయిన వారం అంగడిల మేకపోతును బేరమాడుతున్నడు, నేను కండ్లార చూసిన."

"తొమ్మిది. బాగా గోధుమరంగు."

"సోమమ్మ, హాలియా అవతల. పద్నాలుగు నెలలకు పోయింది." ఆయన వేలు ఆ పేరు మీదే ఉంచి, "మంచి మనిషి," అన్నాడు.

"పన్నెండు. నీలం."

"జంగయ్య. సచ్చిపోయిండు." డాక్టర్ ముఖం ముడుచుకోబోయింది. "ఆగమ్మా, ఆగు. జబ్బుతోని కాదు. మోటరు ఏసేటందుకు పోతే పాము కరిచింది. గది కూడ రాసిపెట్టిన. గీ లెక్కల గాయన్ను కలపొద్దు."

ప్రమీల కలం ఆపి ఆయన వంక చూసింది. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో మూడంతస్తుల రికార్డు గదులున్నాయి. మనిషి ఏ రోగంతో పోయాడో, పాముకాటుతో పోయాడో అక్కడ ఎవరికీ తెలియదు. అసలు రోగి గేటు దాటితే బతికాడో పోయాడో అడిగే నాథుడే ఉండడు.

"ఇవన్నీ ఎట్ల తెలుసుకున్నరు మీరు? ఉత్తరాలు రాసిన్రా?"

"ఉత్తరమా!" లతీఫ్ సాబ్ నవ్వాడు. "దవాఖాన నుంచి కాయితమొస్తే మనోళ్లు చదువుతరా? భయపడి పొయ్యిల పెడ్తరు. అంగడికి పోయిన. సెలవు దొరికినప్పుడల్ల పోయిన. అంగడికి ఊరూరు వస్తదమ్మా. చాయ్ హోటల్ ముందట కూసుంటే చుట్టుపక్కల పది ఊర్ల మనుషులు నా ముందట్నుంచే పోతరు."

"పోయి, ఫలానా మనిషి బతికున్నడా అని అడిగిన్రా?"

"తౌబా తౌబా, గట్ల అడుగుతరా ఎవరన్న? అపశకునం. తంతరు." ఆయన గొంతు తగ్గించి తన విద్య చెప్పాడు. "కాటమయ్య గొర్లు, మేకలు ఇప్పుడెవరు కాస్తున్నరని అడుగుత. 'ఇంకెవరు, కాటమయ్యనే' అన్నరనుకో, రాసుకుంట. 'కొడుకు కాస్తున్నడు' అన్నరనుకో, జర పక్కకు తీస్కపోయి చాయ్ తాపిచ్చి, ఎప్పటి సంది కాస్తున్నడని అడుగుత. ఆడోళ్లయితే కూరగాయల మడి ఎవరు చూస్తున్నరు, బర్రె పాలు ఎవరు పిండుతున్నరు. అంతే."

పన్నెండేండ్లు! సైకిలు మీద కొన్నాళ్లు, బస్సు మీద కొన్నాళ్లు. ఎవరూ చెయ్యమనలేదు, చేసినందుకు ఎవరూ ఒక దండ వెయ్యలేదు. ఏమండీ, ఇట్లాంటి మనిషిని మెచ్చుకోకుండా కథ నడపమంటే నా వల్ల కాదు. పరిశోధన అంటే తెల్లకోటు, పెద్ద యంత్రం అనుకునేవాళ్లు ఒక్కసారి అంగడిలో ఆ చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్న లతీఫ్ సాబును తలుచుకోవాలి.

"పదిహేడు," అంది ప్రమీల. ఈసారి గొంతులో కొంచెం దిగులుంది. "నిండా గోధుమరంగు. ఇంత గట్టిగా పట్టింది ఇంకోటి లేదు."

లతీఫ్ సాబ్ రిజిస్టరు చూడనే లేదు. "సైదమ్మ. బతికున్నది. పదకొండేండ్లాయె. డెబ్బై దాటినయి. రోజు లేస్తే ఇద్దరు కోడండ్లను తిట్టుడే ఆమెకు బువ్వ."

"నిజంగనా?"

"ఒట్టు. మొన్ననే నన్ను గూడ తిట్టింది, 'ఏందయ్యా, ఎన్నటికొస్తవ్ నా కాడికి, నేను సస్తనని చూస్తున్నవా' అని."

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే ప్రమీల తన కాగితం మీద సైదమ్మ గీతను గోధుమరంగు వచ్చీ బతికినవాళ్ల గడిలో పెట్టింది. లెక్క చెడుతుందని దాచలేదు. లతీఫ్ సాబ్ అది చూశాడు. డాక్టరమ్మ మీద ఆయనకు గౌరవం పుట్టింది అప్పుడే. రంగు చెప్పేది చాలామటుకు నిజమే, కానీ రంగే విధిరాత కాదు అని ఆ ముసలమ్మ ఒక్కతే నిరూపించి కూర్చుంది.

ఇరవై, ముప్పై, ముప్పై ఐదు. నీలం గళ్లలో బతికున్నవాళ్లు, గోధుమరంగు గళ్లలో పోయినవాళ్లు ఎక్కువవుతున్నారు. ప్రమీల చెంపలు ఎర్రబడ్డాయి. పంట బాగా కుప్పపడుతుంటే రైతు ముఖం వెలిగినట్టు వెలిగింది. పుట్టుకతో ఆమె హాలియా దగ్గరి రైతుబిడ్డే మరి. లతీఫ్ సాబ్ మాత్రం ముప్పై ఎనిమిది దాటాక ఒక్కో నెంబరుకూ కొంచెం కొంచెంగా గొంతు తగ్గించుకుంటూ వచ్చాడు. నలభై అయ్యేసరికి రిజిస్టరును ఒళ్లోకి దించుకున్నాడు.

"నలభై ఒకటి," అంది ప్రమీల. "నీలం. ఒక్క కణం గూడ గోధుమరంగు లేదు. చాలా మంచి స్లైడు. ఎవరిది? ఎట్లున్నరు?"

నీలం!

లతీఫ్ సాబ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండేండ్లుగా షరీఫా కడుపు పట్టుకుని కూర్చుంటే చాలు, ఆయన ప్రాణం గిలగిలలాడేది. ఏదో తిని అరగక పట్టుకుందేమో అని సరిపెట్టుకోలేక, అడగలేక చచ్చేవాడు. మూడు నెలలకోసారి హైదరాబాదు పోయి చూపించుకోమంటే ఆమె "నాకేం రోగం, మంచిగనే ఉన్న" అని ఏడాదిగా పోవడం మానేసింది. ఇప్పుడు నీలం. అల్లా, నీ దయ.

"లతీఫ్ సాబ్?"

"ఆఁ... చూస్తున్న," అంటూ ఆయన పేజీ తిప్పాడు. అక్కడ కొట్టేసిన పేరు తప్ప ఏమీ లేదని ఆయనకు తెలుసు.

"అన్నట్టు ఒక మాట," అంది ప్రమీల మామూలుగా. "ఈ నలభై ఒకటిల మాత్రం కణాలు కొంచెం అలికినట్టున్నయి. అంచులు సాఫ్‌గ లేవు. ఆ రోజు కత్తి మొండిగ ఉన్నదేమో. ఏం ఫరవాలేదు, లెక్కలకు పనికొస్తది."

అనగూడని మాట అది. ఆమెకు తెలియదు పాపం. లతీఫ్ సాబ్ రోజూ పొద్దున దవాఖాన తెరవగానే మొట్టమొదట చేసేది తోలుపట్టీ మీద కత్తికి పదును పెట్టడం. తన గడ్డం కూడా అంత శ్రద్ధగా గీసుకోడు. ముప్పై ఏండ్లలో ఆయన కత్తిని మొండిది అన్నవాళ్లు లేరు.

చూడండి, ఇక్కడ మనిషి ఎట్లా చిక్కుకున్నాడో. "అవునమ్మా, ఆ రోజు కత్తి మొండిదే" అని ఒక్క అబద్ధమాడితే చాలు. నీలం నీలంగానే ఉంటుంది. ఇంటికి పోయి నిమ్మళంగా నిద్రపోవచ్చు. డాక్టరమ్మ లెక్కలో కూడా ఒక మంచి గీత పెరుగుతుంది. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ కణాలు ఎందుకు అలికినట్టున్నాయో భూమ్మీద తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన.

లేచి కిటికీ దాకా పోయాడు, తిరిగొచ్చాడు. రిజిస్టరు మూశాడు.

"డాక్టరమ్మా, నలభై ఒకటి కొట్టెయ్యి."

"ఎందుకు?"

"నా కత్తి మొండిది గాదు. ముక్కనే చెడ్డది. నీలం అబద్ధం."

ప్రమీలకు ఏమీ అర్థంకాలేదు. ఆయన కూర్చుని, తల వంచుకుని చెప్పాడు.

"మా ఇంటామెకు రోగం బయటపడ్డప్పుడు ఈడనే చూసిన్రు. ఆపరేషన్ తారీఖు గూడ పెట్టిన్రు. గప్పుడామె 'ఒక్కసారి మా అమ్మను చూసొస్త' అని ఆత్మకూర్ పోయింది. ఆడ కడుపు బిగిసింది. పానం మీదికొచ్చింది. పాలమూరు దవాఖానల ఆగమాగం ఆపరేషన్ చేసిన్రు. ముక్కను ఏడికో పంపుతమంటే నేనే వద్దన్న. 'నా మైనం, నా కత్తి, నాకే పంపున్రి' అన్న. మా బామ్మర్ది రజాక్ సీసా పట్టుకుని బస్సెక్కిండు."

"సీసాల ఫార్మలిన్ మందునీళ్లు పోసిన్రు గద?"

"పోసిన్రు. అసలు సంగతి గదేనమ్మా." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "బస్సుల జనమంతా కంపు కంపని లొల్లి పెట్టిన్రట. కండక్టరు దిగుమన్నడట. మా రజాక్‌కేమో ఇంకో బాధ. మా మతంల మనిషి ఒంటికెళ్లి ఏది ఊడినా, చెయ్యో కాలో, గది గూడ మనిషి లెక్కనే. కడిగి, తెల్లగుడ్డ చుట్టి, మట్టికియ్యాలె. 'మా అక్క ఒంట్ల కండను గీ విషం నీళ్లల్ల ఎట్ల ముంచుత' అనుకున్నడు. కల్వకుర్తి బస్టాండుల దిగి, మందునీళ్లు పారబోసి, ముక్కను నల్ల తిప్పి నీళ్ల కింద కడిగి, కొత్త తెల్లగుడ్డ కొని చుట్టి, సీసాల మంచినీళ్లు పోసి, ఒళ్ల పెట్టుకుని తెచ్చిండు. నా చేతికొచ్చేటాళ్లకు ఐదు గంటలైంది. ఉత్త నీళ్లల్ల ఐదు గంటలు. అటెన్క నేనెంత మందుల ఏస్తే ఏం లాభం?"

ప్రమీలకు అంతా అర్థమైంది. మందు పట్టని కండలో కణాలు నానిపోతాయి. ప్రొటీను చెదిరిపోతుంది. ఉన్నా రంగు పట్టదు.

"అంటే నీలం వచ్చిందంటే..."

"లేదని గాదు. కనబడలేదని." ఆ మాట ఆయనే అన్నాడు. "నాకు మొదట్నే ఎర్క. ఎర్కుండి గూడ పెట్టిన. పిల్లి కండ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగిన. నీ పనిల కల్తీ చేసిన డాక్టరమ్మా, మాఫ్ చెయ్యి."

"మీ రజాక్‌ను ఏమన్న అన్నరా?"

"ఏమంట? వాడు తప్పు చేసిండా? అక్కను ఇజ్జత్‌తోని తెచ్చిండు. మిగిలిన ముక్కను వాని చేతనే మట్టి చేయించిన."

ప్రమీల కలం తీసి నలభై ఒకటి మీద అడ్డగీత కొట్టింది. కొట్టి, "మీరు చెప్పకపోతే నాకు జన్మల తెలిసేది కాదు," అంది. "మా ప్రొఫెసర్లల్ల గూడ మీ అసొంటోళ్లను నేను చూడలే."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తదంటరు. పడ్డది. అంతే."

"ఎవరి కడుపు చించుకున్నవ్? నాదా?"

ఇద్దరూ ఉలిక్కిపడి తలుపు వైపు చూశారు. చేతిలో టిఫిన్ క్యారియరుతో షరీఫా నిలబడి ఉంది.

రోజూ ఒంటిగంటకు ఆమె రావడం మామూలే. దవాఖాన వెనక గల్లీలోనే ఇల్లు. ఆయన పనిలో పడి తిండి మరిచిపోతాడని జొన్నరొట్టెలు, ఇంత చింతపండు ఖట్టా పట్టుకొచ్చి, వరండా బెంచీ మీద కూర్చుని తినేదాకా కదలదు. ఎప్పటి నుంచి నిలబడి వింటోందో ఎవరికీ తెలియదు. యాభై ఏండ్ల మనిషి. ఆపరేషన్ తరువాత కొంచెం చిక్కింది కానీ చూపు మాత్రం సూది.

ఇంట్లో ఇద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. కానీ ఇవాళ్టి కోపం డాక్టరమ్మకు కూడా తెలియాలనుకుందో ఏమో, తెలుగే అందుకుంది.

"నా పేగు ముక్కను నన్నడగకుంట ఎట్ల పెట్టినవ్ అజీ? అంగడిల మంది మేకల గురించి గంట గంట అడుగుతవ్. ఇంట్ల ఉన్నదాన్ని ఒక్క మాట అడగరాదా?"

లతీఫ్ సాబ్ లేచి క్యారియరు అందుకోబోతే ఆమె ఇవ్వలేదు.

షరీఫా గదంతా కలియజూసింది. మూలన స్టవ్ మీద తన కుక్కరు కనబడింది. చూసింది, మొగుణ్ని చూసింది, మళ్లీ కుక్కరును చూసింది.

"యా అల్లా! నా కుక్కర్ల నన్నే ఉడికిచ్చినవా!"

ప్రమీల ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. షరీఫా ముఖంలో కూడా కోపం నిలవలేదు. "నవ్వకమ్మా డాక్టరమ్మా. ఇగ గా కుక్కర్ల అన్నం తింటమా మేము? కొత్తది తెమ్మను," అంటూ బల్ల మీద క్యారియరు టక్కున పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇప్పుడు నాకు తెలుగుల చెప్పున్రి. గోధుమరంగు ఒస్తే సస్తనా?"

"అట్ల కాదమ్మా," అంది ప్రమీల. "గోధుమరంగు వస్తే జబ్బు మళ్లొచ్చే అవకాశం ఎక్కువ అంటున్నరు. గట్టిగ చెప్పలేం. సైదమ్మ అని ఒకామెకు నిండా గోధుమరంగు, పదకొండేండ్ల సంది బతికే ఉంది. వస్తే మూడు నెలలకోసారి హైదరాబాదు రావాలె, కడుపు చూపించుకోవాలె, ముందే పట్టుకోవాలె. రాకపోతే కొంచెం నిమ్మళం. అప్పుడు గూడ రావాలె కానీ, భయం తక్కువ."

"ముక్క చెడిపోయిందంటిరి. ఇంకెట్ల తెలుస్తది?"

ప్రమీల లతీఫ్ సాబ్ వైపు తిరిగింది. "ఆపరేషన్‌కు ముందు ఈడనే చూసిన్రన్నరు. అప్పుడు ముక్క తీసిన్రా?"

లతీఫ్ సాబ్ తల ఎత్తాడు. "తీసిన్రు. జొన్నగింజంత," అన్నాడు. "నేనే పక్కన నిలవడి తీసింది తీసినట్టు మందుల ఏసిన. దిమ్మ గూడ ఉన్నది."

"మరి అదెందుకు పెట్టలేదు?"

మంచి దిమ్మ చేతిలో ఉంచుకుని చెడ్డ దిమ్మ పెట్టిన మనిషి మనసులో ఏముందో షరీఫాకు ముందే తెలిసిపోయింది. ముప్పై ఏండ్ల కాపురం. ఆమె లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"భయపడ్డవా?"

"భయపడ్డ," అన్నాడు లతీఫ్ సాబ్. "మస్తు భయపడ్డ షరీఫా."

"గా జొన్నగింజను కొయ్యి," అంది ఆమె. "నేనే చెప్తున్న. నన్ను అడిగినట్టే లెక్క. కొయ్యి. కానీ ఒక్క షరతు. రంగు మొదలు నేను చూడాలె. నువ్వు గాదు, డాక్టరమ్మ గాదు."

*

ఆ సాయంత్రం లతీఫ్ సాబ్ కత్తికి పదును పెట్టిన తీరు ప్రమీల జన్మలో మరిచిపోదు. తోలుపట్టీ మీద అటు నూరు, ఇటు నూరు. జొన్నగింజంత ముక్క, ఒక్క కోత తప్పితే మళ్లీ దొరకదు. ఆయన ఊపిరి బిగబట్టి యంత్రం చక్రం తిప్పాడు. మైనపు పొర రిబ్బనులా జారి వచ్చి గోరువెచ్చని నీళ్ల మీద ముడత లేకుండా పరచుకుంది. దాన్ని చిరగకుండా గాజుపలక మీదికి ఎత్తుకున్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక షరీఫా వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల మీద కొంగు సర్దుకుని, పెండ్లికి వచ్చినంత తీరుగా వచ్చింది. గాజుపలక సూక్ష్మదర్శిని కింద ఉంది. మాట ఇచ్చిన ప్రకారం ప్రమీల అప్పటిదాకా చూడలేదు. దూరంగా నిలబడింది.

"సన్నగ కనబడే బొట్టు బొట్టు కణాలు చూడాలె అమ్మా," అంది. "అవి నీలంగ ఉన్నయా, గోధుమరంగున్నయా, అంతే."

లతీఫ్ సాబ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"అజీ," అంది షరీఫా ఆయన వీపు చూస్తూ. "పన్నెండేండ్లు ఎందరి కబుర్లు మోసినవో! ఎవరింట్ల ఎవరున్నరో, ఎవరు పోయిన్రో, ఒక్కనివే మోసినవ్. నీ ఇంటి కబురు నీకు చెప్పేటోళ్లు లేకపాయె. ఇయాల నేను చెప్త."

వంగి కన్ను ఆనించింది. మొదట ఏమీ కనబడలేదేమో, తల కొంచెం ఇటు జరిపింది. తరువాత కదలడం మానేసింది. లతీఫ్ సాబ్ కిటికీ ఊచ పట్టుకున్నాడు.

చాలాసేపటికి షరీఫా తల ఎత్తింది. ముఖం చూసి ప్రమీలకు కూడా ఏమీ తెలియలేదు.

"రిజిస్టర్ తియ్యి," అంది.

"షరీఫా, రంగు..."

"ముందు రిజిస్టర్ తియ్యి. నలభై ఒకటి కొట్టేసిన్రు గద? గా జాగల నా పేరు రాయి."

ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. పేజీ తీశాడు. కలం మూత తీయబోతే రెండుసార్లు జారింది. *షరీఫా, నల్గొండ* అని రాశాడు. అక్షరాలు వంకరపోయాయి.

"పేరు పక్కపొంటి అందరికి ఏం రాస్తవ్?"

లతీఫ్ సాబ్ ఆమె ముఖంలోకి చూశాడు.

"రాయి," అంది షరీఫా. "రంగు ఏదన్న గానీ, ముందు గది రాయి. మంది పేర్లకు రాసినట్టే రాయి. తారీఖు గూడ ఎయ్యి."

ఆయన వంగి, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి, *బతికున్నది* అని రాశాడు. పక్కన ఆ రోజు తేదీ వేశాడు. వేసి, కలం పక్కన పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి నిలబడ్డాడు.

"రాసిన," అన్నాడు. "ఇగ రంగు చెప్పు."